నాలుగో స్థానం లెక్క: ఒక సీనియర్ స్కేటర్ యూఎస్ నేషనల్స్‌కి చేరిన సీజన్

ఫిగర్ స్కేటింగ్ అంటే అందరికీ టీవీలో వచ్చే నేషనల్సూ ఒలింపిక్సే గుర్తొస్తాయి. ఆ నేషనల్స్‌లో పేరు పిలిపించుకోవడానికి అక్టోబర్, నవంబర్ నెలల్లో స్కేటర్లు పడే పాట్లు కోచ్‌లకీ తల్లిదండ్రులకీ తప్ప ఎవరికీ పట్టవు. నేను అమెరికాలో ఒక కోచింగ్ టీమ్‌లో పనిచేస్తాను. జంప్‌లు నేర్పేది మెయిన్ కోచ్. నా పని ప్రోగ్రామ్ లేఅవుట్ చూడటం, అంటే ఏ జంప్ ఎక్కడ రావాలి, ఏ స్పిన్‌ని ఏ లెవెల్‌కి (కష్టాన్ని బట్టి ఇచ్చే మెట్టుకి) తీసుకెళ్ళాలి అన్నవి తేల్చడం, పోటీ అయ్యాక వచ్చే స్కోరు షీట్ (ప్రోటోకాల్ అంటాం) ముందేసుకుని పాయింట్లు ఎక్కడ కారిపోతున్నాయో వెతకడం. ఇది 2018–19 సీజన్‌లో మా దగ్గర ట్రైన్ అయిన ఒక సీనియర్ లేడీస్ స్కేటర్ కేసు. పేరు, క్లబ్, రీజియన్ చెప్పను, మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను కూడా. మీకు పనికొచ్చేది ఎలాగూ లెక్కే కాబట్టి దాని మీదే ఉంటాను.

ముందు అప్పటి పద్ధతి చెప్పుకోవాలి, అది తెలియకపోతే మేం తీసుకున్న నిర్ణయాలు పిరికితనంలా కనిపిస్తాయి.

దేశం మొత్తాన్ని తొమ్మిది రీజియన్లుగా, మూడు సెక్షన్లుగా విడగొట్టారు: ఈస్టర్న్, మిడ్‌వెస్టర్న్, పసిఫిక్ కోస్ట్. ఒక్కో సెక్షన్ కింద మూడు రీజియన్లు. అక్టోబర్‌లో రీజనల్స్ జరిగేవి, ఒక్కో రీజియన్ నుంచి మొదటి నలుగురు సెక్షనల్స్‌కి వెళ్ళేవారు. నవంబర్‌లో సెక్షనల్స్, అక్కడా మొదటి నలుగురే. అంటే తొమ్మిది నాలుగుల ముప్పై ఆరు మంది వడపోతకి వస్తే చివరికి పన్నెండు మంది మిగులుతారు, జనవరిలో నేషనల్స్‌కి వెళ్ళేది వాళ్ళూ, బై ఉన్నవాళ్ళూ. బై అంటే ఈ మెట్లేవీ ఎక్కకుండా నేరుగా లోపలికి రావడం. కిందటి నేషనల్స్‌లో మొదటి ఐదు స్థానాల్లో ఉన్నవాళ్ళకి, అదే సమయంలో ఇంటర్నేషనల్ పోటీలకి ఫెడరేషన్ (యూఎస్ ఫిగర్ స్కేటింగ్ అనే సంస్థ) పంపినవాళ్ళకి ఇలాంటి సౌకర్యం ఉండేది. మీరు టీవీలో చూసే పేర్లలో చాలామంది ఆ ఏడాది సెక్షనల్స్ మొహమే చూసి ఉండరు.

అసలు వీటికి ఎంట్రీ పంపాలంటేనే టెస్టులు పాసవ్వాలి. ప్రీ-ప్రిలిమినరీ, ప్రిలిమినరీ, ప్రీ-జువెనైల్, జువెనైల్, ఇంటర్మీడియట్, నోవిస్, జూనియర్, సీనియర్ అని అప్పట్లో ఎనిమిది మెట్లు ఉండేవి, అదీ రెండు వరసల్లో. ఒకటి ఫ్రీ స్కేట్ టెస్ట్, రెండోది ఎడ్జ్‌లు (బ్లేడు లోపలి, బయటి అంచులు), టర్న్‌లు పరీక్షించే మూవ్స్ ఇన్ ద ఫీల్డ్. సీనియర్ టెస్ట్ పాసైతే యూఎస్ ఫిగర్ స్కేటింగ్ లెక్కలో 'గోల్డ్ మెడలిస్ట్' అంటారు. బంధువులు అది విని ఏ పోటీలో గెలిచిందని అడుగుతారు, ఏ పోటీలోనూ కాదు, పరీక్ష పాసైంది అని చెప్పేసరికి మొహాలు చిన్నబోతాయి. నిజానికి ఆ పరీక్ష పాసవ్వడానికే చాలామందికి పదేళ్ళకి పైగా పడుతుంది.

ఇంకో విషయం. అమెరికాలో నాలుగో స్థానానికి కూడా మెడల్ ఇస్తారు, ప్యూటర్ మెడల్. తగరం ఎక్కువగా ఉండే మిశ్రమ లోహం అది, చూడ్డానికి మసక వెండిలా ఉంటుంది. బయటివాళ్ళకి ఇది వింతగా అనిపిస్తుంది గానీ సెక్షనల్స్‌లో ఆ ప్యూటర్‌కున్న విలువే వేరు. గోల్డ్ వచ్చినా ప్యూటర్ వచ్చినా నేషనల్స్ టికెట్ ఒకటే. ఐదో స్థానమైతే ఆల్టర్నేట్, అంటే పైనున్న వాళ్ళలో ఎవరైనా తప్పుకుంటారేమో అని ఫోన్ వంక చూస్తూ కూర్చోవడం.

దీంతో వచ్చే చిక్కు ఏంటంటే, ఇన్ని పాయింట్లు తెచ్చుకుంటే క్వాలిఫై అయినట్టే అని ఒక గీత ఉండదు. మీ సెక్షన్‌లో ఆ వారం ఎవరు వచ్చారు, వాళ్ళు ఎలా చేశారు అన్నదే లెక్క. ఒక సెక్షన్‌లో ఐదో స్థానంలో ఆగిపోయినవాళ్ళ స్కోరు ఇంకో సెక్షన్‌లో రెండో స్థానానికి సరిపోయిన సందర్భాలు ఉంటాయి. మగపిల్లల విభాగంలో అయితే కొన్ని రీజియన్లలో నలుగురు కూడా ఉండరు, వచ్చి నిలబడితే చాలు ముందుకి పోవచ్చు. ఆడపిల్లల విభాగంలో ఆ సుఖం లేదు.

ఇక మా స్కేటర్ సంగతి. ముందు సీజన్‌లో జూనియర్‌గా చేసి సెక్షనల్స్ దగ్గరే ఆగిపోయింది. స్పీడ్ బాగుంటుంది, లట్జ్ జంప్ నిజంగా బయటి ఎడ్జ్ మీంచే చేస్తుంది (ఈ మాట చాలామంది గురించి చెప్పలేం), టో లూప్ అనే జంప్ నిద్రలో లేపి చేయమన్నా చేస్తుంది. బలహీనతలు రెండు. లట్జ్ బాగా చేసే చాలామందిలాగే ఫ్లిప్ అనే జంప్‌కి వచ్చేసరికి లోపలి ఎడ్జ్ మీద ఉండాల్సిన కాలు బయటికి జారిపోతుంది. రెండోది, ట్రిపుల్ లట్జ్ తర్వాత ట్రిపుల్ టో కలిపితే (ట్రిపుల్ అంటే గాల్లో మూడు చుట్లు, టో అంటే టో లూపే) రెండో జంప్‌కి తిరగడానికి సరిపడా ఎత్తు మిగలదు.

వేసవిలో క్లబ్ పోటీలకి తీసుకెళ్ళాం. ఈ పోటీల్లో ర్యాంకు ఎవరికీ గుర్తుండదు, టెక్నికల్ ప్యానెల్ వాళ్ళు (ఏ జంప్ చేశారో, పూర్తిగా తిరిగిందో లేదో తేల్చేవాళ్ళు) పోటీ అయ్యాక కూర్చుని ఏ ఎలిమెంట్‌ని (జంప్, స్పిన్ లాంటి ఒక్కో అంశాన్ని) ఎందుకు అలా పిలిచారో చెప్తారు, దాని కోసమే వెళ్తాం. పోటీలో రెండు భాగాలు, ముందు చిన్నదైన షార్ట్ ప్రోగ్రామ్, తర్వాత పెద్దదైన ఫ్రీ స్కేట్, రెండింటి మార్కులూ కలుపుతారు. అప్పటికి షార్ట్ ప్రోగ్రామ్‌లో ఉన్న జంప్‌లు ఇవి: ట్రిపుల్ లట్జ్–ట్రిపుల్ టో కాంబినేషన్, స్టెప్స్‌లోంచి ట్రిపుల్ ఫ్లిప్, చివర్లో డబుల్ ఆక్సెల్. కాగితం మీద బలమైన లేఅవుట్. లట్జ్ బేస్ వాల్యూ (జంప్‌కి పట్టికలో ముందే రాసి ఉండే విలువ) 5.9, టో 4.2, కలిపితే 10.1. ఫ్లిప్ 5.3. ఈ రెండు ఎలిమెంట్లకే 15.4.

ప్రోటోకాల్‌లో వచ్చింది వేరు. కాంబినేషన్‌లో టో తక్కువ తిరిగిందని గుర్తు పెట్టారు, అప్పటి నిబంధనల్లో అలాంటి జంప్‌కి బేస్ వాల్యూలో 75 శాతమే ఇచ్చేవారు, అంటే 4.2 కాస్తా 3.15. పైగా పడిపోయింది. ఆ సీజన్ నుంచే జంప్ నాణ్యతకి ఇచ్చే జీఓఈ మార్కులు ప్లస్ ఐదు నుంచి మైనస్ ఐదు దాకా మారాయి, ఒక్కో మెట్టు బేస్ వాల్యూలో పదో వంతు. కాంబినేషన్‌లో ఎక్కువ విలువున్న జంప్‌ని బట్టి ఆ లెక్క కడతారు కాబట్టి, మైనస్ ఐదు అంటే లట్జ్ 5.9లో సగం, 2.95 పోయింది. మిగిలింది 6.10. పడినందుకు మొత్తం స్కోరులోంచి ఇంకో పాయింట్ కోత. అంటే 10.1 అనుకున్న చోట చేతికి వచ్చింది 5.10. ఇక ఫ్లిప్‌కి ఎడ్జ్ తప్పు అని గుర్తు పడింది, దానికీ 75 శాతమే, 3.98. అందులోంచి జీఓఈ మైనస్ రెండు, చివరికి 3.18. మొత్తం 15.4కి వెళ్ళి 8.28తో ఇంటికొచ్చాం.

ఒక పోటీలో ఇలా జరిగితే టెన్షన్ అనుకుని వదిలేయొచ్చు. తర్వాతి పోటీలో పడలేదు, కానీ గుర్తులు మాత్రం రెండూ అవే వచ్చాయి. అప్పుడు మెయిన్ కోచ్, నేను కూర్చుని ఒకే ప్రశ్న వేసుకున్నాం: ఈ అమ్మాయి బాగా చేసిన రోజు ఎంత వస్తుంది అన్నది పక్కన పెట్టి, చెడ్డ రోజున ఎంత వస్తుంది? సెక్షనల్స్‌లో నాలుగో స్థానం కావాలంటే మిగతా వాళ్ళకంటే ఎత్తుగా ఎగరక్కర్లేదు, మిగతా వాళ్ళు కూలిన చోట మనం కూలకుండా ఉంటే చాలు. బై ఉన్న పెద్ద పేర్లు ఎలాగూ అక్కడ ఉండవు. ఉన్నవాళ్ళందరికీ ఇదే టెన్షన్, ఇవే కాళ్ళు.

అందుకని షార్ట్ ప్రోగ్రామ్‌లో కాంబినేషన్‌ని ట్రిపుల్ టో–ట్రిపుల్ టో చేశాం. రెండు టోలకి 8.4. నిబంధన ప్రకారం విడిగా చేసే ట్రిపుల్, కాంబినేషన్‌లో ఉన్న జంప్ కాకూడదు, కాబట్టి ఖాళీ అయిన లట్జ్‌ని అక్కడికి జరిపి, ఫ్లిప్‌ని పూర్తిగా తీసేశాం. 8.4కి 5.9 కలిపితే 14.3. పాత లేఅవుట్ 15.4, కొత్తది 14.3, కాగితం మీద మనం వదులుకున్నది 1.1 పాయింట్ మాత్రమే. పాత కాంబినేషన్‌లో ఒక్క పతనం తినేసింది సరిగ్గా 5 పాయింట్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూపిస్తే వాదించడానికి పెద్దగా ఏమీ ఉండదు అనుకున్నాను గానీ, వాదన జరిగింది.

వాళ్ళమ్మ అడిగారు: "అందరూ లట్జ్‌తో ట్రిపుల్–ట్రిపుల్ చేస్తుంటే మనం తేలికది పెట్టుకుంటే జడ్జీలు చిన్నచూపు చూడరా అండీ?" న్యాయమైన ప్రశ్నే. నేను చెప్పింది ఇది: "జంప్ ఏంటో, పూర్తిగా తిరిగిందో లేదో చెప్పేది టెక్నికల్ ప్యానెల్ అండీ, బేస్ వాల్యూ ముందే పట్టికలో రాసి ఉంటుంది. జడ్జీల చేతిలో ఉన్నది నాణ్యత మార్కులు, కాంపొనెంట్లు (ప్రోగ్రామ్ మొత్తానికి ఇచ్చే మార్కులు). పడిపోయిన కష్టమైన జంప్ కంటే శుభ్రంగా దిగిన తేలిక జంప్ చూస్తేనే వాళ్ళ చెయ్యి పైకి వెళ్తుంది." ఆవిడకి నమ్మకం కుదరలేదు, "సరే, మీరు చెప్తున్నారు కాబట్టి" అన్నారు. స్కేటర్ ఇంకా ఎక్కువ బాధపడింది. తనతో ట్రైన్ అయ్యే పిల్లల ముందు లట్జ్–టో తీసేయడం నామోషీ. ఆ వయసులో జంప్ లిస్టే పరువు.

ఫ్రీ స్కేట్‌లో చేసిన మార్పు దీనికంటే ఘాటుగా అనిపించింది వాళ్ళకి. ట్రిపుల్ ఫ్లిప్ తీసేసి, ఆ చోట డబుల్ ఆక్సెల్ పెట్టాం. ట్రిపుల్ తీసి డబుల్ పెడతారా అని అడగని మనిషి లేడు. డబుల్ ఆక్సెల్ 3.3. తను చేసే ఆక్సెల్‌కి జీఓఈ ప్లస్ ఒకటి, రెండు మామూలుగా పడతాయి, రెండు పడితే 3.96. ఎడ్జ్ గుర్తు పడిన ఫ్లిప్‌కి వచ్చింది 3.18. ఎక్కువ తిరిగి తక్కువ తెచ్చుకునే బదులు తక్కువ తిరిగి ఎక్కువ తెచ్చుకోవడంలో నామోషీ ఏముందో నాకు ఈ రోజుకీ అర్థం కాదు. ఫ్లిప్ ప్రాక్టీస్ ఆపలేదు, ఎడ్జ్ సరిచేసే పని సీజన్ అంతా సాగింది, పోటీకి మాత్రం రాలేదు, అంతే.

చివరికి ఫ్రీ స్కేట్ ఇలా కుదిరింది: ట్రిపుల్ లట్జ్–డబుల్ టో, ట్రిపుల్ లూప్, ట్రిపుల్ టో–ట్రిపుల్ టో, డబుల్ ఆక్సెల్, తర్వాత ట్రిపుల్ లట్జ్, డబుల్ ఆక్సెల్–డబుల్ టో–డబుల్ లూప్, ట్రిపుల్ సాల్కో. చివరి మూడింటికి పది శాతం బోనస్ ఉంటుంది. అన్నీ కలిపి బేస్ వాల్యూ 41.95. ఇందులో రిపీట్ అయ్యే ట్రిపుల్స్ లట్జ్, టో, రెండే, అంతకు మించి నిబంధన ఒప్పుకోదు. కాంబినేషన్లు మూడు, అదీ గరిష్ఠమే. అంటే లేఅవుట్‌లో ఎక్కడా సందు లేదు, ఒకటి తప్పితే దాని ప్రభావం ఇంకోదాని మీద పడుతుంది. దీని సంగతి సెక్షనల్స్ దగ్గర మళ్ళీ వస్తుంది.

జంప్‌లలో వదులుకున్న 1.1ని తిరిగి తెచ్చుకోవడం నా వంతు, అది స్పిన్‌లలో ఉంది. వేసవి షార్ట్‌లో కాంబినేషన్ స్పిన్ లెవెల్ మూడు (3.0), వెనక్కి వాలి తిరిగే లేబ్యాక్ లెవెల్ మూడు (2.4), ఎగిరి దిగి కూర్చున్నట్టు వంగి తిరిగే ఫ్లయింగ్ సిట్ స్పిన్ లెవెల్ రెండు (2.3), స్టెప్ సీక్వెన్స్ లెవెల్ రెండు (2.6). కలిపి 10.3. స్పిన్‌లు మూడూ లెవెల్ నాలుగుకి, స్టెప్స్ లెవెల్ మూడుకి వెళ్తే 3.5, 2.7, 3.0, 3.3, మొత్తం 12.5. అంటే 2.2 పాయింట్లు, ఎవరూ కొత్త జంప్ నేర్చుకోకుండా. ఫ్రీ స్కేట్‌లో ఇంకో మూడు స్పిన్‌లు ఉంటాయి, అక్కడా ఇదే పని.

ఫ్లయింగ్ సిట్ ఎందుకు రెండు దగ్గర ఆగిపోతుందో మొదట మాకూ తెలియలేదు, రింక్ పక్కన నిలబడి చూస్తే బాగానే ఉన్నట్టు ఉంటుంది. ఫోన్‌ని బోర్డుకి ఆనించి, మంచుకి దగ్గరగా, తన తొడ ఎత్తులో పెట్టి తీసి, సగం వేగంలో చూశాం. సిట్ పొజిషన్ కింద లెక్కించాలంటే మంచు మీద ఉన్న కాలి తొడ కనీసం మంచుకి సమాంతరంగా రావాలి. తను ఎగిరి దిగాక మొదటి చుట్టులో తొడ ఇంకా ఏటవాలుగానే ఉంది, రెండో చుట్టు సగంలో గానీ కిందికి రావట్లేదు. ఎనిమిది చుట్లు ఒకే పొజిషన్‌లో తిరిగితే ఒక ఫీచర్ (లెవెల్ పెంచే అంశం) ఇచ్చేవారు, తను నోటితో ఎనిమిది లెక్కపెట్టుకుని లేచేస్తోంది, కానీ ప్యానెల్ లెక్కపెట్టడం మొదలుపెట్టేది తొడ సమాంతరమయ్యాకే. వాళ్ళ లెక్కలో అది ఆరున్నర. తర్వాత చేసే వేరియేషన్‌లో కూడా కనీసం రెండు చుట్లు ఆగాలి, అక్కడ ఒకటిన్నరకే లేచిపోతోంది. ఆ ఒక్క వీడియోతో రెండు ఫీచర్లు ఎక్కడ పోతున్నాయో తేలిపోయింది. ఇక లెక్క మార్చాం: దిగాక రెండు చుట్లు అసలు లెక్కపెట్టొద్దు, మూడో చుట్టుకి 'ఒకటి' అను. అంతే మార్పు. అలవాటు కావడానికి మాత్రం సెప్టెంబర్ దాకా పట్టింది, ఎందుకంటే ఎక్కువ చుట్లు తిరిగితే సంగీతానికి వెనకబడిపోతుంది, స్టెప్స్ మొదలయ్యే చోటు మారుతుంది, కొరియోగ్రాఫర్ వచ్చి మధ్యలో ఒక పోజ్ తీసేయాల్సి వచ్చింది.

కాంపొనెంట్ల గురించి ఒక్క లెక్క చెప్పి వదిలేస్తాను. అప్పట్లో ఐదు ఉండేవి (ఇప్పుడు మూడు చేశారు), ఆడవాళ్ళకి షార్ట్‌లో 0.8తో, ఫ్రీలో 1.6తో హెచ్చించేవారు. ఐదింటిలోనూ ఒక్కో పావు మార్కు పెరిగితే షార్ట్‌లో 1, ఫ్రీలో 2, మొత్తం మూడు పాయింట్లు. పడకుండా, ఆగకుండా చేసిన ప్రోగ్రామ్‌కి ఆ పావు తనంతట అదే వస్తుంది. కాంపొనెంట్లు పెంచడానికి మేం చేసిన పని దాదాపు అదే, పడకపోవడం.

ఈ సీజన్‌లో మేం ఎక్కువ సమయం పెట్టింది నిజానికి వేరే దానికి. ఫ్రీ స్కేట్‌లో ఏదైనా తప్పితే అక్కడికక్కడ ఏం మార్చాలి అన్న దానికి. రన్-త్రూ (ప్రోగ్రామ్ మొత్తం ప్రాక్టీస్‌గా చేయడం) జరుగుతుంటే మెయిన్ కోచ్ ఉన్నట్టుండి "లేదు!" అని అరుస్తారు, ఆ క్షణంలో చేస్తున్న కాంబినేషన్‌లో రెండో జంప్ వదిలేయాలి, వదిలేసి, అది తర్వాత ఎక్కడ అతికించాలో ఆలోచించుకుంటూ స్కేట్ చేయాలి. మొదట్లో ఏడ్చినంత పని చేసింది. జంప్ చేయడానికే ఊపిరి చాలట్లేదు, మధ్యలో ఈ లెక్కలేంటి అని. అందుకని ప్రతి తప్పుకీ ఒకే జవాబు ఉండేలా కుదించాం. మొదటి లట్జ్‌కి టో కలవకపోతే, రెండో లట్జ్‌కి కలుపు. టో–టోలో రెండోది డబుల్ అయిపోతే, ఆక్సెల్ దగ్గర మధ్య టో వదిలేసి డబుల్ లూప్ ఒక్కటే చెయ్యి, ఎందుకంటే ఏ డబుల్ జంప్ అయినా రెండు సార్లకి మించి చేస్తే మూడో దానికి సున్నా. ఇంతకు మించి ఏదైనా జరిగితే ఏమీ ఆలోచించకు, ప్లాన్ ప్రకారం చేసుకుపో.

రీజనల్స్ పెద్ద కథ కాదు. జంప్‌లు చాలావరకు దిగాయి, రెండో స్థానం. గోల్డ్ రాలేదని ఇంట్లో కాస్త వెలితి పడ్డారు గానీ నాలుగు లోపల ఏదైనా ఒకటే. నాకు కావాల్సింది సిట్ స్పిన్ లెవెల్, అది నాలుగు వచ్చింది.

సెక్షనల్స్‌కి వచ్చేసరికి గాలే వేరుగా ఉంటుంది. రీజనల్స్‌లో అందరూ నవ్వుతూ పలకరించుకుంటారు, ఇక్కడ వార్మప్‌లో ఎవరూ ఎవరి వంకా చూడరు. షార్ట్‌లో మా అమ్మాయి మూడు జంప్‌లూ దింపింది, టో–టోకి జీఓఈ బాగానే పడింది, కానీ లట్జ్–టో శుభ్రంగా చేసినవాళ్ళు ఆ రోజు మేం అనుకున్నదానికంటే ఎక్కువమందే ఉన్నారు. ఆరో స్థానం. నాలుగో స్థానానికి దాదాపు మూడు పాయింట్ల దూరం. ఆ సాయంత్రం వాళ్ళమ్మ ఏమీ అనలేదు, అనకపోవడంలోనే అంతా ఉంది. లట్జ్–టో ఉంచి ఉంటే అన్న మాట టీమ్‌లో కూడా వినిపించింది. నా అభిప్రాయం అప్పుడూ ఇప్పుడూ ఒకటే: ఆ రోజు అది దిగి ఉంటే మూడో స్థానం, పడి ఉంటే పదో స్థానం, వేసవి ప్రోటోకాల్‌లు చూసినవాళ్ళెవరూ మొదటి దాని మీద పందెం కాయరు. ఆరు నుంచి నాలుగుకి రావచ్చు, పది నుంచి రావడం కల.

ఫ్రీ స్కేట్ రోజు మొదటి ఎలిమెంట్‌కే గండం వచ్చింది. లట్జ్ తిరిగింది, దిగేటప్పుడు మోకాలు మరీ లోతుగా వంగి, మడమ మీదికి బరువు వెళ్ళి, గాల్లో ఉండాల్సిన ఫ్రీ లెగ్ మంచుకి తాకబోయి ఆగింది. ఆ స్థితిలోంచి టో చేయడం కుదరదు, చేస్తే పడిపోవడమే. వదిలేసింది. లూప్ బాగా దిగింది, టో–టో దిగింది, ఆక్సెల్ దిగింది. బోర్డు దగ్గర మెయిన్ కోచ్ మాత్రం చేతులు కట్టుకుని ఐదో ఎలిమెంట్ కోసం చూస్తున్నారు. కాళ్ళు బరువెక్కే సమయానికి వచ్చే రెండో లట్జ్ అది, ప్రాక్టీస్‌లో ఎప్పుడూ ఒంటరిగానే చేసే జంప్. చేసింది, దిగింది, దిగీ దిగగానే టో పిక్ (బ్లేడు ముందుండే పళ్ళు) గుచ్చి డబుల్ టో కలిపింది. అంత అందంగా ఏమీ లేదు, భుజాలు కాస్త వంకర పోయాయి. కానీ తిరిగింది, నిలబడింది.

దాని విలువ ఎంతో చూడండి. ఒక ట్రిపుల్‌ని రెండోసారి చేసినప్పుడు రెండింట్లో ఒకటైనా కాంబినేషన్‌లో ఉండాలి, లేకపోతే రెండోదానికి 70 శాతమే. టో కలపకపోయి ఉంటే 5.9లో 70 శాతం 4.13, బోనస్ కలిపితే 4.54. కలిపింది కాబట్టి లట్జ్, టో రెండూ కలిపి 7.2, బోనస్‌తో 7.92. తేడా 3.38. ఆ అమ్మాయి ఫ్రీలో మూడో స్థానం తెచ్చుకుని, మొత్తం మీద నాలుగో స్థానంలోకి వచ్చింది. ఐదో స్థానానికీ తనకీ తేడా ఒకటిన్నర పాయింట్ లోపే. షార్ట్‌లో తనకంటే పైన ఉన్నవాళ్ళలో ఇద్దరు ఫ్రీలో ఒకటి కంటే ఎక్కువసార్లు పడ్డారు, అది మా ప్రతిభ కాదు, కానీ వాళ్ళు పడిన రోజున మనం దగ్గర్లో ఉండటం మాత్రం ప్లాన్‌లో భాగమే.

ప్యూటర్ మెడల్ మెడలో వేసుకుని వచ్చి తను అడిగిన మొదటి మాట, "ఇప్పుడు లట్జ్–టో పెట్టుకోవచ్చా కోచ్?"

పెట్టుకోవచ్చు, పెట్టాం కూడా. ఇది చాలామంది పట్టించుకోని విషయం. క్వాలిఫై అవ్వడానికి రాసుకున్న లేఅవుట్‌నే నేషనల్స్‌కి మోసుకెళ్తారు. సెక్షనల్స్‌లో కింద ఒక గీత ఉంది, దాని కిందికి పోతే సీజన్ ముగిసినట్టే. నేషనల్స్‌లో అలాంటి గీత లేదు, పదో స్థానమైనా పదిహేనో స్థానమైనా మర్నాడు ఇంటికే. అక్కడ ఉన్న ఒకే ఒక్క లాభం పైన ఉంది: మొదటి ఐదులో ఉంటే వచ్చే ఏడాదికి బై, ఇంకా పైన ఉంటే ఇంటర్నేషనల్ పోటీలు. కాబట్టి చెడ్డ రోజు లెక్క అక్కడితో అయిపోయింది, డిసెంబర్ అంతా లట్జ్–టో మీదే నడిచింది.

2019 జనవరి నేషనల్స్ డెట్రాయిట్‌లో జరిగాయి, సీనియర్ లేడీస్‌లో అలీసా లియూ 13 ఏళ్ళకే ట్రిపుల్ ఆక్సెల్‌లతో గెలిచింది ఆ ఏడే. జాతీయ టైటిల్ చేతిలో ఉన్నా ఇంటర్నేషనల్ వయసు నిబంధనల వల్ల ఆ సీజన్‌లో వరల్డ్స్ మాట అటుంచి జూనియర్ వరల్డ్స్‌కి కూడా వెళ్ళే వీల్లేదు, అమెరికా నేషనల్స్‌కి వయసు అడ్డం రాలేదు అంతే. ఇలాంటి పిల్లలతో ఒకే రింక్‌లో పోటీ చేసి వచ్చింది మా అమ్మాయి. షార్ట్‌లో లట్జ్–టో దిగింది, టోకి మళ్ళీ అదే గుర్తు పడింది, ఈసారి నిలబడింది. చివరికి వచ్చిన స్థానం సగానికి కింద. వాళ్ళమ్మ ఆ ప్రోటోకాల్ ప్రింట్ తీయించి ఫ్రేమ్ కట్టిస్తానంటే, ఆ గుర్తు కనపడకుండా కట్టించమంది కూతురు.

టాప్ ఐదు కాదు కాబట్టి బై లేదు. 2019 వేసవి నుంచి యూఎస్ ఫిగర్ స్కేటింగ్ వాళ్ళు నేషనల్ క్వాలిఫైయింగ్ సిరీస్ మొదలుపెట్టారు, ఎవరికీ గుర్తుండని ఆ వేసవి పోటీల స్కోర్లకి కూడా విలువ వచ్చింది, సిరీస్‌లో పైన నిలిచినవాళ్ళకి దాని ద్వారా సెక్షనల్స్‌కి వెళ్ళే వీలుండేది. తర్వాత ఆ నిర్మాణాన్ని ఇంకా మార్చారు, కాబట్టి మీ పిల్లల్ని పంపేముందు ఆ సీజన్ రూల్‌బుక్ చూసుకోండి, నేను చెప్పిన తొమ్మిది రీజియన్ల లెక్క మీద ఆధారపడకండి. మా విషయానికొస్తే, స్కోర్ల కోసం వేసవిలోనే శుభ్రంగా చేయాల్సి వచ్చింది కాబట్టి జూన్‌లో లట్జ్–టో మళ్ళీ షార్ట్‌లోంచి బయటికి వెళ్ళింది. ఈసారి తీసేద్దాం అన్నది స్కేటరే.